జనము నడుమ నిలిచిన పండితులు

ముక్తేశ్వరము రేవున నిలిచి చూచినచో ఎదుట గౌతమీ గోదావరి, ఆవలి గట్టున కోటిపల్లి కనవచ్చును. రేవు దాటవలసినవారు పంటు వచ్చువరకు గట్టుమీద వేచియుందురు. కొబ్బరి ధర, కాలువ నీటి వంతు, క్రొత్తగా వచ్చిన పన్ను, పంచాయతీలోని తగవు, అన్నియు అచ్చటనే చర్చకు వచ్చును. ఇట్టి గుంపులో తరచుగా ఒక మనిషి యుండును. అతనికి అధికారము లేదు, బిరుదు లేదు. పెద్ద చదువు ఉండవచ్చును, ఉండకపోవచ్చును. అయినను వాదము తెగనప్పుడు జనము అతనివైపు తిరిగి, "మీరేమంటారండీ, మేష్టారూ?" అని యడుగుదురు.

ఆ ప్రశ్న అతనినే యేల అడుగుదురు? అతని మాటకు ఆ విలువ యెచ్చటనుండి వచ్చినది? నేడు మేము విచారింపదలచిన విషయమిదియే.

పండితులలో మనకు బాగుగా తెలిసిన తెగలు కొన్ని కలవు. ప్రభుత్వమునకు సలహా చెప్పువారొక తెగ. విశ్వవిద్యాలయములలో బోధించువారొక తెగ. రాజకీయ పక్షముల తరఫున వాదించువారు మరియొక తెగ. వీరందరును లోకమునకు కావలసినవారే. కాని వీరిలో చేరని వారు కొందరు కలరు. తమకు తెలిసిన ఒక విషయమును పట్టుకొని, దానివలన కష్టసుఖములు పొందు జనము నడుమనే నిలిచి, ఎవరి అనుమతికిని ఎదురుచూడక మాటలాడువారు వారు. చీనా దేశమున ఇట్టివారిని గురించి చెప్పునపుడు ‘మిన్‌జియన్’ అను మాట వాడుదురు. ‘మిన్’ అనగా జనము, ‘జియన్’ అనగా నడుమ. ప్రభుత్వ వ్యవస్థకు వెలుపల, జనము నడుమ అని తాత్పర్యము. మాట చీనాది గాని మనిషి మనకు క్రొత్తవాడు కాడు. అందుచే ముందుగా మన గోదావరి సీమనుండియే బయలుదేరుదము.

పూర్వము మన దేశమున విద్య రాజుల యండను, అగ్రహారముల యండను బ్రతికినది. పోషకుడు మెచ్చినచో కావ్యము నిలిచెను. ఈ పద్ధతిలో గొప్ప విద్య పుట్టలేదని యెవరును అనజాలరు. కాని పోషకునికి రుచింపని సత్యమును చెప్పుటకు అందు చోటు తక్కువ. పందొమ్మిదవ శతాబ్దమున అచ్చుయంత్రము వచ్చిన పిమ్మట ఆ చోటు కొంత ఏర్పడినది. ఒక రాజునకు బదులుగా కొన్ని వందలమంది చందాదారులు పోషకులైరి.

ఆ చోటును మొదట గట్టిగా వాడుకొన్నవారు రాజమహేంద్రవరమున 1848లో జన్మించిన కందుకూరి వీరేశలింగము పంతులుగారు. వారు 1874లో ‘వివేకవర్ధని’ పత్రికను స్థాపించిరి. న్యాయస్థానములలోని లంచములను, ఉద్యోగుల అక్రమములను ఆ పత్రికలో బయటపెట్టిరి. 1881 డిసెంబరు 11వ తేదీన తమ యింట మొదటి వితంతు వివాహమును జరిపించిరి. ఇవి యందరును ఎరిగిన సంగతులే. మేము జ్ఞాపకము చేయదలచినది మరియొకటి. ఊరు వారిని వెలివేసినపుడు వంటవారు రాలేదు, నీరు తెచ్చువారును రాలేదు. వారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు గోదావరికి పోయి స్వయముగా నీరు మోసికొనివచ్చి, వచ్చినవారందరికిని వండిపెట్టిరి. కాకినాడ వర్తకులైన పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయము చేసిరి. స్వతంత్ర మేధావి యనగానే ఒంటరిగా నిలిచిన పురుషుని చిత్రము మన కన్నులకు కట్టును. అతని వెనుక నీటిబిందె మోసిన ఇల్లాలును, ధనమిచ్చిన స్నేహితుడును ఉన్నారని మనము మరచిపోరాదు.

ఇంకొక మాట కలదు. పంతులుగారు జీతము లేని మనిషి కారు. పాఠశాలలలోను కళాశాలలోను ఉపాధ్యాయులుగా పనిచేసినవారే. కావున స్వాతంత్ర్యమనగా జీతము లేకుండుట కాదు. జీతమిచ్చు చేయి నోటిని మూయకుండునట్లు చూచుకొనుటయే స్వాతంత్ర్యము.

ఇక ఈ పద్ధతికి మంచి యుదాహరణము గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు. వారు 1863లో శ్రీకాకుళ ప్రాంతమున జన్మించి, 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైరి. చుట్టుపట్ల కొండలలో సవరలు కలరు. వారి భాషకు అప్పటికి లిపి లేదు, వ్యాకరణము లేదు. పల్లపు వర్తకులును ఉద్యోగులును వారిని మోసగించుచుండగా, తమ కష్టమును అధికారికి అర్థమగు భాషలో చెప్పుకొను దారి వారికి లేకుండెను. పంతులుగారు ఒక సవర మాటకానిని ఇంటనుంచుకొని అతనివద్ద శిష్యరికము చేసి భాషను నేర్చికొనిరి. అడవులలో తిరుగుచు మలేరియా తెచ్చుకొని, అందులకు వాడిన క్వినైను వలన వినికిడిని పోగొట్టుకొనిరి. అన్యుల పలుకు వినుటకే జీవితమును వెచ్చించిన మనిషికి చెముడు ప్రాప్తించినది.

ఆ కృషిని మెచ్చి ప్రభుత్వము పారితోషికము నీయబోగా, తమకు వలదనియు, ఆ ధనముతో సవర పిల్లలకు బడి పెట్టింపుడనియు వారు కోరిరి. వారి సవర వ్యాకరణము 1931లోను, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లోను వెలువడినవి. 1936లో పర్లాకిమిడి ఒరిస్సా రాష్ట్రమున చేరగా, వారు ఆ ఊరిని విడిచి రాజమహేంద్రవరమునకు వచ్చిరి. 1940లో కన్నుమూసిరి.

సవరల పలుకును వినుటకు అలవడిన ఆ చెవియే తెలుగు బడిపిల్లల కష్టమును గూడ వినినది. పిల్లవాడు ఇంట పలుకు భాష ఒకటి, పుస్తకమున వల్లించు భాష మరియొకటి. తాను ఎన్నడును వినని మాటలలో తన ఆలోచనను వ్రాయుమన్నచో వాడేమి వ్రాయగలడు? పంతులుగారు ఈ ప్రశ్నను వేసినపుడు ఎదుట నిలిచినవారు సామాన్యులు కారు. పెద్ద పండితులు, ఉద్యోగులు, పరిషత్తులు. వారి నెదుర్కొనుటకు పంతులుగారు ఆగ్రహమును నమ్ముకొనలేదు, సాక్ష్యమును నమ్ముకొనిరి. పూర్వగ్రంథములలోని వాడుక ప్రయోగములను వేలకొలది యేరి చూపిరి. గ్రాంథికము తప్ప వ్రాయరాదన్న పండితుల గ్రంథములనుండియే తప్పులను తీసి, ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజము’ అను పుస్తకమును వ్రాసిరి. 1925లో తణుకున పరిషత్సభలో నాలుగు గంటలసేపు ప్రసంగించిరి. మేము ఇప్పుడు వ్రాయుచున్న ఈ భాషను చూచినచో వారు మమ్మును గూడ మందలింపక మానరు. ఆ మందలింపు మాకు శిరోధార్యమే.

పండితుడెంతటివాడైనను, చదువరి లేనిచో అతని మాట గాలిలో పోవును. ఈ సంగతిని కనిపెట్టినవారు గౌతమికి ఆవలనున్న తూర్పు డెల్టాలోని కొంకుదురున 1890లో పుట్టిన అయ్యంకి వెంకటరమణయ్యగారు. వారి పూనికచే 1914 ఏప్రిల్ 10వ తేదీన బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడినది. ఆ మహాసభకు అధ్యక్షత వహించినవారు కంటిచూపు కరవైన కవి చిలకమర్తి లక్ష్మీనరసింహము పంతులుగారు. తాము చదువలేని పుస్తకములు ఊరివారికి అందవలెనని వారు కోరిరి. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణా డెల్టా కాలువమీద పడవ గ్రంథాలయమును నడిపిరి. పడవ గట్టునకు వచ్చి ఆగును. రైతు పాత పుస్తకము నిచ్చి క్రొత్తది తీసికొనును. కాలువల నడుమ నివసించు మా కోనసీమవారికి ఆ దృశ్యమును ఊహించుకొనుట కష్టము కాదు.

అయితే జనము నడుమ నుండుటలో గూడ ఒక మెలిక కలదు. ఎవరి నడుమ? ఏ వీధిలో? మేము పైన జెప్పినవారు గొప్పవారే యైనను, తాము పుట్టిన వీధిని దాటి యితరుల కష్టమును తెలిసికొన్నవారు. ఆ కష్టములోనే పుట్టినవాడు మాటలాడినపుడు వినవచ్చు స్వరము వేరు. గరిమెళ్ళ సత్యనారాయణగారు తెల్లదొరతనము వలదని పాట వ్రాయగా, రాజమహేంద్రవరమునకు చెందిన కుసుమ ధర్మన్నగారు 1921లో ‘మాకొద్దీ నల్లదొరతనము’ అను గేయమును వ్రాసిరి. ఆయన ఆయుర్వేద వైద్యులు; పిమ్మట ‘జయభేరి’ పత్రికను నడిపిరి. దేశమంతయు ఒక వైపు చూచుచున్నపుడు, అంటరానితనమును సహించుచున్నవాడు ఇంకొక వైపు వ్రేలు చూపి, "దీని సంగతి యేమి?" అని యడిగెను. ఆ ప్రశ్న ఆనాడు చాలమందికి రుచించియుండదు. మా కోనసీమలోని మామిడికుదురున 1911లో పుట్టిన బోయి భీమన్నగారు ‘పాలేరు’ నాటకములో ఒక పాలేరు కుర్రవానిని చదువు చెప్పించి డిప్యూటీ కలెక్టరును చేసిరి. ఆ నాటకమును చూచి తమ పిల్లలను పొలమునుండి బడికి పంపిన తలిదండ్రులు కలరని మన సీమలో చెప్పుకొందురు.

ఇప్పుడు చీనా దేశమువైపు చూతము. అచ్చట పండితునకును ప్రభుత్వమునకును గల ముడి మన దేశములోకంటె బిగువైనది. శతాబ్దములపాటు పరీక్షలో నెగ్గి ఉద్యోగము పొందుటయే చదువునకు ఫలముగా నుండెను. ఆ పరీక్షలు 1905లో రద్దయినను, రాజ్యమునకు హితము చెప్పుటయే పండితుని ధర్మమను భావము పోలేదు. 1989 జూనులో బీజింగు నగరమున విద్యార్థుల ఉద్యమమును సైన్యము అణచివేసిన పిమ్మట కొందరు ఆ భావమునే ప్రశ్నింపసాగిరి. వారిలో ముఖ్యుడు వాంగ్ షియావోబో అను రచయిత. ఆయన 1992లో విశ్వవిద్యాలయోద్యోగమును విడిచి కలముమీదనే జీవింపబూనెను. అవసరమైనచో బ్రతుకుతెరువుగా నుండునని లారీ తోలు లైసెన్సును గూడ సంపాదించెను. నోరు విప్పక యుండు అసంఖ్యాక జనములను గూర్చి 1996లో ఆయన వ్రాసిన వ్యాసము ప్రసిద్ధము. దేశమందరి పేరిట మాటలాడుట మాని, తనకు తెలిసినదానిని తన పేరిట చెప్పవలెననుట ఆయన మార్గము. 1997లో నలుబదినాలుగేండ్ల ప్రాయమున మరణించెను.

ఆ త్రోవను చాలమంది తమ తమ వృత్తులలో పట్టిరి. హెనాన్ రాష్ట్రమున గావో యావోజియె అను వృద్ధ వైద్యురాలుండెను. పేదరైతులు రక్తము నమ్ముకొనుటవలన పల్లెలకు పల్లెలు ఎయిడ్సు వ్యాధి పాలగుచుండుటను ఆమె కనుగొని, తన ధనముతో కరపత్రములు అచ్చువేయించి పంచిపెట్టెను. యాంగ్ జిషెంగ్ ప్రభుత్వ వార్తాసంస్థలో విలేకరి. 1959లో ఆయన తండ్రి ఆకలిచే చనిపోయెను. ఆయన ఊరూరి దస్తావేజులను ఏండ్ల తరబడి పరిశీలించి, ఆనాటి కరవులో మూడుకోట్ల అరువదిలక్షలమంది మరణించిరని లెక్కగట్టి, 2008లో హాంకాంగునందు ‘సమాధిశిల’ అను గ్రంథమును ప్రకటించెను. అది చీనా ప్రధాన భూభాగమున నిషిద్ధము.

2003లో జరిగిన ఒక సంగతిని కొంచెము వివరింపవలెను. సున్ జిగాంగ్ అను ఇరువదియేడేండ్ల యువకుడు పనిచేయుటకై గ్వాంగ్‌జౌ నగరమునకు వచ్చెను. నివాసపు చీటి దగ్గర లేదని అతనిని నిర్బంధించిరి. మూడు దినములలో దెబ్బలచే మరణించెను. ఒక పత్రిక దానిని ప్రకటించినది. ముగ్గురు యువ న్యాయశాస్త్రజ్ఞులు వీధులలో కేకలు వేయలేదు. ఇట్టి నిర్బంధము దేశ రాజ్యాంగమునకే విరుద్ధమని జాతీయ శాసనసభకు అర్జీ వ్రాసిరి. ఆ యేడు జూనులోనే ప్రభుత్వము ఆ నిబంధనలను రద్దుచేసినది. ఊరు విడిచి పనికి పోవు కోట్లాది కూలీలకు అది యెంతటి మేలో, వలసపోవు కుటుంబములు గల మన పల్లెవారు ఊహింపగలరు. కాని 2012 తరువాత అచ్చట ఆ చోటు మరల ఇరుకైనది. ఆ ముగ్గురిలో నొకడైన షూ జియోంగ్‌కు 2023 ఏప్రిలులో పదునాలుగేండ్ల కారాగారశిక్ష పడినది. వైద్యురాలు గావో 2009లో దేశము విడిచి, 2023లో న్యూయార్కున పరలోకగతురాలయ్యెను.

మన దేశమున ఇట్టి మార్గమును మన కాలమున నడచినవారిలో కె. బాలగోపాల్‌గారిని ముందుగా చెప్పవలెను. 1952లో బళ్ళారిలో జన్మించిన ఆయన గణితశాస్త్రమున డాక్టరు పట్టమొంది, కాకతీయ విశ్వవిద్యాలయమున బోధించి, 1985లో ఆ యుద్యోగమును విడిచిరి. పౌరహక్కుల సంఘమునకు చాలకాలము కార్యదర్శిగా నుండి, పిమ్మట మానవ హక్కుల వేదికను స్థాపించినవారిలో నొకరైరి. పోలీసు కాల్పులు జరిగెనని వినినచో ఆ ఊరికి పోవుట, చూచినవారిని అడుగుట, వివరములను సరిచూచి నివేదిక వ్రాయుట, ఇది వారి పద్ధతి. తరువాత న్యాయవాదియై పేదల వ్యాజ్యములను చేపట్టిరి. ప్రభుత్వ హింసను ఖండించినవారే సాయుధ విప్లవకారుల హింసను గూడ ప్రశ్నించిరి. ఆ కారణముచే తమ చిరకాల సహచరులనుండి విడిపోవలసివచ్చినది. శత్రువునకు ఎదురుచెప్పుట కష్టమే, కాని స్నేహితునకు ఎదురుచెప్పుట అంతకంటె కష్టము. స్వతంత్రునకు అసలైన పరీక్ష అచ్చటనే. ఆయన 2009లో కన్నుమూసిరి.

ఇవన్నియు పెద్ద పేర్లు. పేరు లేని పాండిత్యము గూడ కలదు. 2011 ఖరీఫులో కోనసీమ రైతులు వేలకొలది యెకరములను దున్నక బీడుపెట్టి, దానికి పంటవిరామమని పేరిడిరి. అన్నము పెట్టు రైతు నాటనని యనుట దేశమునకు వింతయైనది. వారేమియు ఆవేశముతో చేయలేదు. ఆ యేటి మద్దతుధర సాధారణ రకము ధాన్యమునకు క్వింటాలుకు 1080 రూపాయలు; డెబ్బదియైదు కిలోల బస్తాకు 810 రూపాయలు. దుక్కి, నారు, ఎరువు, కోత, నూర్పు, కూలి, కౌలు ఒక్కొక్కటిగా వ్రాసి, పండించినకొలది నష్టమేయని వారు లెక్క చూపిరి. మురుగుకాలువలు పూడిపోయి వానకు చేలు మునుగుచున్నవని, నీరు నిలిచిన చేలను చూపి చెప్పిరి. ప్రభుత్వము మోహన్ కందాగారి అధ్యక్షతన సంఘమును నియమించి విచారణ జరిపింపవలసివచ్చినది. కష్టములన్నియు తీరినవని మేము చెప్పము. 2022లో గూడ కోనసీమలో పంటవిరామపు మాట మరల వినవచ్చినది. కాని రైతు చేతి చిట్టాపుస్తకము గూడ ఒక శాస్త్రగ్రంథమేయని ఆ యేడు ఋజువైనది.

స్వతంత్రుడైనంత మాత్రమున ఎవని మాటయు నిజము కాదు. ఒంటరిగా చదువుకొన్నవానికి తప్పు దిద్దువారుండరు. పదుగురు అడుగుచుండుటచే అన్నియు తనకు తెలియునను భ్రమ కలుగును. తెలియని రోగమునకు మందు చెప్పుట, వినిన పుకారును చరిత్రగా చెప్పుట ఇచ్చటనుండియే పుట్టును. కావున రేవుగట్టున మాటలాడు మేష్టారిని గూడ మనము పరీక్షింపవలెను. ఇతడు చెప్పునది తాను చూచినదా, విన్నదా? తప్పని చూపినచో ఒప్పుకొనునా? తనవారికి గూడ ఇదే మాట చెప్పునా? ఈ మూడు ప్రశ్నలకును నిలిచినవాడే నమ్మదగినవాడు. రేడియోలో వినవచ్చు ప్రసంగమునకును, ఈ వ్యాసమునకును గూడ ఇవే ప్రశ్నలు వర్తించును.

జనము నడుమ నిలుచుటలోని లాభమిదియే. దూరమున నున్న పండితుడు తప్పు చెప్పినచో ఎవరికిని తెలియదు. ఊరిలోని పండితుడు తప్పు చెప్పినచో మరునాడు రేవులోనే పట్టుబడును. ఆ పట్టుబాటే అతని విద్యకు పదును.

ఇట్టివారు తమంతట తాము పుట్టుదురనుకొనుట పొరపాటు. వారికి చదువుకొను చోటు కావలెను, వినువారు కావలెను, కష్టకాలమున నీటిబిందె మోయు ఇల్లు కావలెను. మన ఊరి గ్రంథాలయము తలుపు తెరచియున్నదో లేదో ఈ వారము ఒకమారు చూచిరండు. మన తాత తండ్రుల సాగు చిట్టాలు, వైద్యపు వ్రాతప్రతులు అటకమీద చెదలు తినుచుండినచో క్రిందికి దింపుడు. ఇంట ఆడుబిడ్డ ఏదైన ప్రశ్న వేసినచో "నీకెందుకు?" అనక, తెలిసినంతవరకు చెప్పి, తెలియనిచో ఇరువురును కలిసి వెదకుడు. ఎవడైన మనకు నచ్చని నిజమును చెప్పినపుడు, కనీసము పంటు ఆవలిగట్టు చేరువరకైనను అతని మాటను పూర్తిగా వినుడు.

తన కష్టమును తానే లెక్కగట్టి చెప్పుకొనగలవాడు లేని ఊరి కథను ఇతరులు వ్రాయుదురు. వారు వ్రాసినదే దస్తావేజులలో నిలుచును. అట్టి స్థితి మన ఊరికి పట్టకుండ చూచుకొనుట మన చేతిలోని పనియే.